వసుంధరగారు కొట్టేసిన వాక్యం

జిరాక్స్ మిషన్ నుంచి అప్పుడే వచ్చిన కాగితాన్ని పట్టుకుంటే వేళ్ళకు తగిలే వేడి, ఆ మాడు వాసన నన్ను ఇప్పటికీ లేబర్ కోర్టు వరండాలోకి తీసుకుపోతాయి. అక్కడ నా పక్కన నల్లకోటులో వసుంధరగారు ఉంటారు. ఆవిడ పేరెత్తితే మా ఢిల్లీ జనక్‌పురి తెలుగువాళ్ళు ఒక కథ చెబుతారు. "ఆ లాయరమ్మకు నిజాల పిచ్చి. పాపం, ఈమెకు రావలసిన జీతంలో సగం గంగలో కలిపేసింది" అని. మా బావగారైతే ప్రతి పెళ్ళి భోజనాల దగ్గరా ఇదే వడ్డిస్తారు. ఆయన ఒక్క వాయిదాకైనా వచ్చిన మనిషి కాదు. ప్రతి వాయిదాకూ వెళ్ళినదాన్ని నేను. నన్ను చెప్పనివ్వండి.

ఓఖ్లాలో బట్టలు ఎగుమతి చేసే ఒక కంపెనీలో నేను స్టోర్స్ క్లర్కుని. రాని సరుకు వచ్చినట్టు సంతకం పెట్టమంటే పెట్టనన్నాను. కాస్త గట్టిగానే అన్నాను, నా నోరు అలాంటిది. మర్నాడు గేటు దగ్గరే ఆపేశారు. నోటీసు లేదు, విచారణ లేదు. పైగా నేనే పని మానేసి వెళ్ళిపోయానని కోర్టుకు రాసిచ్చారు. పద్నాలుగేళ్ళ ఉద్యోగం. జీతం పోవడం కంటే ఆ మాటే నన్ను ఎక్కువ కాల్చింది.

మొదటిరోజు ఢిల్లీ అలవాటు కొద్దీ ఆవిడను ఆంటీ అన్నాను. "ఆంటీ ఏందమ్మా, నేను నీకేమవుతానని? మేడమ్ అను. రేపు ఫీజు అడగాలంటే నాకు తేలిగ్గా ఉంటది" అన్నారు. ముప్పై ఏళ్ళ ఢిల్లీ ఆ గుంటూరు యాసను అరగదీయలేకపోయింది. ఫీజు మాత్రం నేను ఇచ్చినప్పుడే తీసుకున్నారు.

ఒకసారి కంపెనీ లాయరు వరసగా మూడో వాయిదా అడిగాడు. మేడమ్ లేచి, అయితే మా ఖర్చులు ఇప్పించండి అన్నారు. జడ్జిగారు ఐదువందలు వేశారు. బయటికొచ్చాక నేను సణిగాను, నాకు ఈ రోజు పోయిందే అంతకంటే ఎక్కువ అని.

"మనం పెట్టిందంతా ఏ కోర్టూ ఇప్పించదమ్మా. ఐదువందల కోసం కాదు, నీ రోజుకు ఒక వెల ఉందని ఆర్డర్లో పడాలి. లేకపోతే వాళ్ళు నీ రోజుల్ని పల్లీల్లాగా నవులుతారు."

ఇక ఆ సగం జీతం సంగతి. తీసేయడం అక్రమమని తేలినంత మాత్రాన ఆగిపోయిన జీతమంతా దానంతటదే రాదు. ఆ కాలంలో మనం మరోచోట సంపాదించామా అని కోర్టు చూస్తుంది. లేదని ముందుగా మనమే ప్రమాణం చేయాలి. అందుకే కోర్టు బయట టైపిస్టుల దగ్గర ఒక వాక్యం ఎప్పుడూ తయారుగా ఉండేది: "నాటినుంచి నేటివరకు నాకు ఏ పనీ లేదు, ఏ ఆదాయమూ లేదు." ఎవరి కేసైనా అడక్కుండానే అది పడిపోయేది. నా అఫిడవిట్లోనూ పడింది. సంతకం పెట్టబోతుంటే మేడమ్ నా చేతిలోని పెన్ను లాక్కుని ఆ వాక్యాన్ని కొట్టేశారు.

"దీదీ, సబ్ యహీ లిఖ్‌వాతే హై" అన్నాడు టైపిస్టు, అందరూ రాయించేది ఇదేగా అని.

"సబ్ హార్‌తే భీ హై, భయ్యా" అన్నారావిడ. అందరూ ఓడిపోతూనూ ఉంటారని. ఆ తర్వాత నావైపు తిరిగారు. "కంటోన్మెంట్ పిల్లలకు లెక్కలు చెబుతున్నావుగా? నెలకెంతొస్తదో రాయి."

"ట్యూషన్లు కూడా ఒక ఉద్యోగమేనా మేడమ్? రాస్తే నా జీతంలో కోసేస్తారు."

"కోస్తారు. రాయి."

అరగంట వాదించాను. ఆవిడ సంచిలోంచి మరమరాలు తీసి తింటూ, ఒక్క మాటకూ అడ్డం రాకుండా విన్నారు. చివరికి ఏడుపు మొహంతో రాశాను.

ఏడాది తర్వాత నన్ను బోనెక్కించారు. కంపెనీ తరఫున కొత్త లాయరొచ్చాడు. ఫైల్లోంచి గులాబీరంగు కాగితం ఒకటి తీశాడు. మిలిటరీ క్వార్టర్స్‌లో నేను పంచిన ట్యూషన్ కరపత్రం. "మీరు ట్యూషన్లు చెబుతున్న మాట నిజమేనా?" అన్నాడు, పులిని బోనులో పెట్టినవాడిలా.

"నిజమే. మూడో పేరాలో ఉంది, చూడండి."

చూశాడు. కరపత్రం మళ్ళీ ఫైల్లోకి వెళ్ళిపోయింది. మేడమ్ నావైపు చూడలేదు, కాగితాలు సర్దుకుంటున్నారు. కానీ ఆ రోజు నేను నిటారుగా నిలబడ్డట్టు జీవితంలో ఎప్పుడూ నిలబడలేదు.

నన్ను గేటు దగ్గర ఆపేసిన ఆరేళ్ళకు తీర్పు వచ్చింది. తన ఆదాయం దాచని మనిషి, పని తాను మానలేదని చెబితే నమ్మవచ్చునని జడ్జిగారు తీర్పులో రాశారు. తిరిగి ఉద్యోగం, సగం జీతం, కేసు ఖర్చుల కింద కొంత. బావగారూ, అది పోయిన సగం కాదు, నిలబడిన సగం. ఆ వాక్యం కింద సంతకం పెట్టి ఉంటే అబద్ధాలకోరునని పేరు మోసుకుని వట్టి చేతులతో దిగేదాన్ని.

మేడమ్ ఇప్పుడు లేరు. ఉద్యోగం పోయిందని నోయిడా నుంచీ గుర్గావ్ నుంచీ తెలుగు అమ్మాయిలు నా దగ్గరికి కాగితాలు తెస్తుంటారు. సంతకం పెట్టేముందు ప్రతి పేరా వాళ్ళచేతే పైకి చదివిస్తాను. విసుక్కుంటారు. విసుక్కోనీ.

అయినా ఒక్క విషయంలో నేను ఆ తీర్పుతో రాజీపడలేదు. ఆ రోజే మెట్ల మీద మేడమ్‌ను అడిగాను. "ఈ మాట మానకుండా అడుగుతా ఉండు" అన్నారు. అడుగుతూనే ఉన్నాను. ఆరేళ్ళూ చేతులు ముడుచుకు కూర్చుంటే మొత్తం జీతం దక్కేదేమో. నా ఇల్లు గడవడానికి నేను గొంతు చించుకుని లెక్కలు చెబితే, ఆ కష్టం నన్ను గెంటేసినవాళ్ళకు తగ్గింపు ఎందుకవ్వాలి?