గేటు రిజిస్టర్లో లేని పేరు

సర్వర్ల పని చేసేవాళ్లకి దయ్యాల మీద నమ్మకం కుదరదు. కంప్యూటర్లో ఎవరు ఏ పని చేసినా ఎక్కడో ఒకచోట ఒక వరుస నమోదవుతుంది. ఎవరు చేశారు, ఎన్ని గంటలకి, ఎక్కడి నుంచి. దాన్ని లాగ్ అంటాం. ఏదో వింత జరిగిందని ఎవరైనా కంగారుగా ఫోన్ చేస్తే నేను లాగ్ తెరుస్తాను, కారణం దొరుకుతుంది. పదకొండేళ్లుగా దొరుకుతూనే ఉంది. చిన్నప్పుడు పెడనలో మా అద్దకం షెడ్డు వెనక ఏదో తిరుగుతోందని మా అత్తయ్య భయపెడితే, టార్చిలైటు పట్టుకుని వెళ్లి చూసొచ్చిన దాన్ని నేను.

కాబట్టి ఎవరినీ నమ్మించడానికి ఇది రాయడం లేదు. నేను చూసింది మర్చిపోకముందే, చూసిన వరసలో రాసి పెట్టుకుంటున్నాను.

బందరులో ఒక ప్రైవేటు ల్యాబ్ ఉంది. పేరు అనవసరం. ఆ ఆవరణలోనే చిన్న బ్లడ్ బ్యాంకు కూడా నడుపుతారు. గుడివాడలో ఒక బ్రాంచి, దివిసీమ వాళ్ల కోసం అవనిగడ్డలో శాంపిల్స్ తీసే సెంటరు ఉన్నాయి. రిపోర్టులకి ఒక సాఫ్ట్‌వేర్, ఎక్స్‌రేలకి ఒకటి, బ్లడ్ బ్యాంకుకి మరొకటి. అన్నిటికీ కలిపి అందరూ వాడేది 'ల్యాబ్1' అనే ఒకే పేరు. దాని పాస్‌వర్డ్ కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించి ఉండేది. ఎవరు ఏ రిపోర్టు మార్చారో తెలిసే దారే లేదు. ఇది బాగుచేయమని ల్యాబ్ నడిపే డాక్టరమ్మగారు నన్ను పిలిచారు.

నేను పెట్టింది ఏమిటో మామూలు మాటల్లో చెబుతాను. అన్ని సాఫ్ట్‌వేర్‌లకీ ముందు ఒకే ఒక గేటు. దాన్ని రివర్స్ ప్రాక్సీ అంటారు. ఏ బ్రాంచి నుంచి ఎవరొచ్చినా ఆ గేటు దగ్గరే ఆగాలి. పక్కనే ఇంకో సర్వర్ ఉంటుంది, అది పేరూ పాస్‌వర్డూ అడిగి మనిషిని గుర్తుపడుతుంది. గుర్తుపట్టాక గేటు ఆ మనిషి పేరును ఒక చీటీలా రాసి, తన ముద్ర వేసి లోపలికి పంపుతుంది. లోపలి సాఫ్ట్‌వేర్ మళ్ళీ ఏమీ అడగదు. చీటీ మీద ముద్ర ఉందా లేదా అన్నదే చూస్తుంది.

ఆ ముద్ర అంటే ఒక పొడవాటి రహస్య సంకేతం. పని మొదలుపెట్టే శనివారం పొద్దున తొమ్మిది దాటాక దాన్ని తయారు చేశాను. తయారు చేశానంటే, ఒక యంత్రం పుట్టించి రెండో యంత్రానికి ఇచ్చింది. నేను దాన్ని చదవను కూడా లేదు. గేటు కాకుండా లోపలికి వెళ్లే దారులన్నీ మూసేసి, ఇంకో కంప్యూటర్ నుంచి రెండుసార్లు ప్రయత్నించి చూశాను. వెళ్లనివ్వలేదు.

సిబ్బంది పేర్లు మస్తాన్ గారు ఇచ్చారు. ఆయన ల్యాబ్ ఇన్‌చార్జి, అరవైకి దగ్గర పడిన మనిషి. తెల్లకాగితం మీద ఇరవై ఆరు పేర్లు రాసిచ్చారు. మనిషి పేరు, చుక్క, ఇంటిపేరులో మొదటి అక్షరం. ఆ పద్ధతి నేను అంతకు రెండు రోజుల ముందు అనుకున్నది. అప్పటిదాకా ఆ ల్యాబులో ఎవరికీ అలాంటి లాగిన్ లేదు.

పదకొండున్నరకల్లా అంతా నడుస్తోంది. గుడివాడ వాళ్లు లాగిన్ అయ్యారు. అవనిగడ్డ నుంచి నాగమణి లాగిన్ అయింది. ఆ సెంటర్లో రక్తం తీసేది ఆ అమ్మాయే. నేను టీ తెప్పించుకున్నాను.

అప్పుడే బ్లడ్ బ్యాంకు కౌంటరు నుంచి కేక వినిపించింది, స్లిప్ రావడం లేదని.

అవనిగడ్డలో ఒక నర్సింగ్ హోములో తిరుపతమ్మ అనే ఆవిడకి కాన్పు. పాలకాయతిప్ప దగ్గర చేపలు పట్టే కుటుంబం. మాయ కిందికి ఉండటంతో ఆపరేషన్ చేయాలి, రక్తం సిద్ధంగా ఉండాలి. పొద్దున శాంపిల్ వచ్చింది. గ్రూపు బి పాజిటివ్ అని తేలింది. సరిపడే రెండు బ్యాగులు ఐసు పెట్టెలో సర్దారు. తీసుకెళ్లాల్సిన రాంబాబు ల్యాబు బయట బండి మీద కూర్చుని ఉన్నాడు. కంప్యూటర్ మాత్రం రక్తం బయటికి పంపడానికి కావాల్సిన ఇష్యూ స్లిప్ ఇవ్వడం లేదు. రిపోర్టు హోల్డులో ఉందంటోంది, అంటే ఎవరో దాన్ని ఆపి పెట్టారు.

కొత్త గేటు పెట్టిన రోజే పని ఆగిపోతే తప్పు నాదే అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. వెళ్లి తెర ముందు కూర్చున్నాను. అప్పటికే నర్సింగ్ హోము డాక్టరుగారు ఫోన్లో ఉన్నారు. స్పీకర్లో ఆయన గొంతు అందరికీ వినిపిస్తోంది.

"ఇంకా ఎంతసేపండీ? ఆవిడకి బ్లీడింగ్ మొదలైంది. ఒంటిగంటకల్లా నాకు బ్లడ్ చేతిలో ఉండాలి."

హోల్డు పెట్టిన సమయం పదకొండు గంటల నలభై రెండు నిమిషాలు. పెట్టినవాళ్ల పేరు 'సామ్రాజ్యం డాట్ కె'. కింద తెలుగులో ఒకే వాక్యం ఉంది. 'ట్యూబు మారింది, మళ్ళీ తీయండి.'

ఆ ల్యాబులో అందరూ రిమార్కులు ఇంగ్లిషులోనే కొడతారు. ఏ కంప్యూటర్లోనూ తెలుగు కీబోర్డు పెట్టలేదు. ఆ సంగతి నాకు తర్వాత తట్టింది. ఆ నిమిషంలో మాత్రం నా కళ్లు పేరు దగ్గరే ఆగాయి.

"మస్తాన్ గారూ, సామ్రాజ్యం అంటే ఎవరండీ? మీరిచ్చిన లిస్టులో ఈ పేరు లేదు."

ఆయన చేతిలో ట్యూబుల స్టాండు ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి, కళ్లజోడు సర్దుకుని, నా వెనకకి వచ్చి నిలబడ్డారు.

"ఇది నా సెట్టింగులో పొరపాటండీ. ఎక్కడో పాత పేరు తగులుకుంది. హోల్డు తీసేస్తాను, స్లిప్ వచ్చేస్తుంది" అన్నాను. తీసే అధికారం నా లాగిన్‌కి ఉంది. బాణం గుర్తు ఆ బటను మీదే ఉంది.

"ముట్టుకోకమ్మా."

"అక్కడ పేషెంటు..."

"తీయొద్దన్నాను కదా" అన్నారాయన. ఆయన గొంతు పెంచగా నేను విన్నది అప్పుడే.

ఆయన తన ఫోన్ తీసి నాగమణికి చేశారు. "నాగమణీ, ఆ తిరుపతమ్మకి మళ్ళీ రక్తం తియ్యి. నువ్వే వెళ్లు, ఎవర్నీ పంపకు. ఇంటిపేరు అడుగు, ఊరు అడుగు, మొగుడి పేరు అడుగు. అక్కడే స్లైడు మీద గ్రూపు చూసి నాకు చెప్పు."

ఇంకో ఫోన్లో డాక్టరుగారు అరుస్తున్నారు. కౌంటరు దగ్గర అమ్మాయి నా వైపు చూస్తోంది. నా వేళ్లు మౌసు మీదే ఉన్నాయి. నిజం చెప్పాలంటే, ఈ పెద్దాయన చాదస్తానికి అక్కడ ఒక మనిషి పోయేలా ఉందనిపించింది. మస్తాన్ గారు అటు తిరిగితే నొక్కేసేదాన్నేమో. ఆయన తిరగలేదు. నా కుర్చీ పక్కనే నిలబడ్డారు.

పద్దెనిమిది నిమిషాలకి ఫోన్ మోగింది.

"మస్తాన్ గారూ..." అంది నాగమణి. "ఓ పాజిటివ్ అండీ."

"ఇంకోసారి చూడు."

"రెండుసార్లు చూశానండీ. ఓ పాజిటివే."

మా తెర మీద బి పాజిటివ్ అని ఉంది. ఆ పొద్దున అవనిగడ్డలో ఇద్దరు తిరుపతమ్మల రక్తం తీశారు, ఇద్దరూ గర్భిణులే. రెండో ఆవిడది నాగాయలంక, మామూలు పరీక్షలకి వచ్చింది. ట్యూబుల మీద స్టిక్కర్లు తారుమారయ్యాయి. సరిపోయిందని మేం చూసుకున్న రక్తం నాగాయలంక ఆవిడకి సరిపోయేది. ఓ గ్రూపు మనిషి ఒంట్లోకి అది ఎక్కితే ఏమవుతుందో మస్తాన్ గారు చెప్పారు. ఇక్కడ రాయను.

ఐసు పెట్టెలోంచి ఆ బ్యాగులు తీసేశారు. కొత్త శాంపిల్ బండి మీద గంటలో వచ్చింది. మళ్ళీ అన్నీ చూసి, ఓ పాజిటివ్ బ్యాగులు పంపారు. మూడు దాటాక ఆపరేషన్ అయింది. తల్లి బతికింది. ఆడపిల్ల పుట్టింది.

శాంపిల్ కోసం ఎదురుచూసిన ఆ గంటలో మస్తాన్ గారు చెప్పారు, సామ్రాజ్యం ఎవరో. పంతొమ్మిదేళ్లు ఆ బల్ల దగ్గరే పనిచేసిన టెక్నీషియన్. అనుమానం వస్తే రిపోర్టు పక్కన పెట్టి, చీటీ మీద పెన్నుతో తెలుగులో రాసేదట. ఎవరు తొందరపెట్టినా ఇచ్చేది కాదట. ఆవిడ పోయి అప్పటికి ఏడు నెలలు. బతికుండగా కంప్యూటర్ మీద 'ల్యాబ్1' తప్ప ఆవిడకి వేరే పేరు లేదు.

"ఇంటిపేరు?" అని అడిగాను.

"కాగిత" అన్నారు.

రెండు గంటలకి కంప్యూటర్లో కొత్త గ్రూపు నమోదు చేశాక, పాత హోల్డు తీసేద్దామని మళ్ళీ కూర్చున్నాను. అది అప్పటికే తీసేసి ఉంది. ఒంటిగంట యాభై ఎనిమిదికి. తీసినవాళ్ల పేరు అదే.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లకుండా లాగులు ముందేసుకున్నాను. గుర్తింపు సర్వర్లో ఆ పేరుతో ఖాతా లేదు, లాగిన్ లేదు, ప్రయత్నం కూడా లేదు. గేటు లాగులో ఆ రెండు సమయాల దగ్గరా ఆ పేరు లేదు. లోపలి బ్లడ్ బ్యాంకు సాఫ్ట్‌వేర్ లాగులో మాత్రం రెండు వరుసలున్నాయి. రెండూ గేటు చిరునామా నుంచే వచ్చాయి. రెండిటి మీదా సరైన ముద్ర ఉంది. అంటే గేటు దగ్గర రిజిస్టర్లో ఎవరూ సంతకం పెట్టలేదు. లోపల చేతికందిన చీటీ మీద మాత్రం గేటు ముద్ర ఉంది.

అలా జరగడానికి వీల్లేదు. వీలుంటే నాకు మాత్రమే ఉంది. అందుకే ముందు నన్నే అనుమానించుకున్నాను. ఆ రోజు నేను కొట్టిన ప్రతి కమాండూ వెతికాను.

మర్నాడు గుడివాడ బ్రాంచి నెట్‌వర్క్ చూసే శ్రీనన్నని పిలిపించాను. నాకంటే పదేళ్లు ఎక్కువ అనుభవం ఉన్న మనిషి. అన్నీ చూసి, "టెస్టింగ్ కోసం నువ్వే ఆ పేరు కొట్టి మర్చిపోయుంటావు అమ్మాయ్" అన్నాడు.

"ఆవిడ పేరే అప్పటికి నేను వినలేదు శ్రీనన్నా."

తర్వాత మస్తాన్ గారి మీద అనుమానపడ్డాడు. సీసీ కెమెరా చూశాం. పదకొండు నలభై రెండుకి ఆయన ట్యూబులు తిప్పే మెషీన్ దగ్గర ఉన్నారు. కౌంటరు అమ్మాయి ఐసు పెట్టె సర్దుతోంది, కంప్యూటర్ల ముందు నేను తప్ప ఎవరూ లేరు. నా చేతిలో టీ గ్లాసు ఉంది.

శ్రీనన్న తెర వంక చూసి, "సరే, ఎవడో దొంగదారిలో వచ్చాడే అనుకుందాం. అవనిగడ్డలో స్టిక్కర్లు మారాయని వాడికెలా తెలుసు?" అన్నాడు. నాగమణిని అడిగాం. నాకు తెలిసుంటే ఆ ట్యూబు పంపేదాన్నా అని ఏడ్చింది.

నమ్మకం సంగతి ఎలా ఉన్నా, నా పని నేను చేయాలి. ఎక్కడో కన్నం ఉంది, దాన్ని మూయాలి. లోపలి సాఫ్ట్‌వేర్లలో ఒక నియమం పెట్టాను. ముద్ర ఉన్నా సరే, జాబితాలో లేని పేరు వస్తే తిప్పి పంపేయాలి. పేరు, సమయం, ఎక్కడి నుంచి వచ్చింది, ముద్ర ఉందా లేదా అన్నది రాసుకోవాలి, అంతే. డాక్టరమ్మగారు చూసి బాగుందన్నారు.

నెలన్నర ఏమీ జరగలేదు. ఆ తర్వాత ఒక మంగళవారం మధ్యాహ్నం, మామూలుగా చూసుకునేటప్పుడు, తిప్పి పంపినవాళ్ల జాబితాలో ఒక వరుస కనిపించింది. పది గంటల పదిహేడు నిమిషాలు. సామ్రాజ్యం డాట్ కె. వచ్చింది గేటు చిరునామా నుంచే, సరైన ముద్రతోనే. గేటు లాగులో ఏమీ లేదు.

అప్పటికి ఆ పేరు సిబ్బందిలో చాలామందికి తెలుసు. ఎవరైనా ఆటపట్టించారేమోనని మూడు చోట్లా అడిగాను. ఎవరూ ఒప్పుకోలేదు. ఎవరైనా చేశారనుకున్నా, ముద్ర వాళ్ల చేతికెలా వచ్చిందో చెప్పలేను.

ఆ వరుసలో అంతకు మించి ఇంకేమీ లేదు. నేను పెట్టిన నియమం పేరు చూడగానే తిప్పి పంపేస్తుంది. లోపల ఎవరి రిపోర్టు ఆపబోయారో, ఏం రాయబోయారో రాసి ఉంచదు.

మస్తాన్ గారికి చూపించాను. ఆయన అక్కడే కూర్చుని ఆ పొద్దున వచ్చిన శాంపిల్స్ అన్నీ బయటికి తీయించారు. మొత్తం నలభై ఒకటి. సాయంత్రానికి, మర్నాటికి, అందరికీ ఫోన్లు చేసి, దొరికినవాళ్లకి మళ్ళీ రక్తం తీయించారు. డాక్టరమ్మగారు ఎందుకని అడిగితే మెషీన్లో తేడా అని చెప్పారు. ముప్ఫై ఎనిమిది మందివి సరిపోయాయి. ఎక్కడా తప్పు లేదు.

ముగ్గురు దొరకలేదు. ఒకాయన ఇచ్చిన నంబరు పనిచేయడం లేదు. ఇద్దరు ఎత్తలేదు.

ఆ రోజు గేటు దాకా వచ్చింది ఎవరో నాకు తెలియదు. లాగులో దొరకని కారణం ఉంటుందని ఒప్పుకోవడం ఇప్పటికీ నాకు చేతకావడం లేదు. ఆ ముగ్గురి పేర్లు మాత్రం కాగితం మీద రాసి పెట్టుకున్నాను. వీలైనప్పుడల్లా ఫోన్ చేస్తుంటాను. ఒక నంబరు ఇప్పటికీ పనిచేయదు, మిగతా రెండూ అవతల మోగుతూనే ఉంటాయి.