అడుగు అని రాసిన గొట్టం

మా అక్క ఎస్తేరు రాణి మా ఊళ్లోని చిమిండైంగ్ పేటలో సర్కారు బడిలో సైన్సు చెప్పేది. అమ్మానాన్నలు పోయాక ఇంట్లో ఇద్దరమే.

2019లో టీచర్లకు సముద్రం గురించి నేర్పే ఓడలో ఆమెకు రెండు వారాలు చోటు దొరికింది. సముద్రం కింద నేలను తొలిచి, ఆ మట్టిని పొడవాటి గొట్టాల్లో పైకి తీసే ఓడ అది. తిరిగొచ్చాక బురద తప్ప వేరే మాట లేదు. ఒకరోజు నదిలో పోటు తగ్గి నీళ్లు వెనక్కి పోయినప్పుడు బల్లకట్టు మీద అవతలి ఒడ్డున దలాకు వెళ్లి, ఒడ్డు బురదలో ఒక నీళ్ల పైపు దింపి మూరెడు మట్టి తెచ్చింది. రెండు చివరలా మైనం పోసి, ఒక వైపు ‘పై’ అని, రెండో వైపు ‘అడుగు’ అని తెలుగులో రాసింది. ఏ చివర పైదో ముందే రాసుకోకపోతే మట్టి పొరల్లోని వేల ఏళ్లు తలకిందులైపోతాయట. ఓడలో నేర్పిన మొదటి పాఠం అదేనట.

ఈ దేశంలో తెలుగు బడులు లేవు, నాకు తెలుగు చదవడం గుడిలో బైబిలు పుణ్యమా అని వచ్చిందే. కూడబలుక్కుని చదివి, “ఏటి అడగాలక్కా?” అన్నాను. అక్క కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. ఆ తర్వాత నేను అన్నం ముందు ముభావంగా కూచుంటే ఆ గొట్టం నా వైపు దొర్లించేది.

2021లో సైన్యం దేశాన్ని చేతిలోకి తీసుకుంది. దానికి ఎదురు తిరిగి టీచర్లు బడులకు వెళ్లడం మానేశారు. అక్కా మానేసింది. ఆమెతో పనిచేసే ఇద్దరిని ఇన్సేన్ జైల్లో పెట్టారు. మా గుమ్మం తొక్కేవాళ్లు తగ్గిపోయారు. ఫోన్లు పనిచేసేవి కావు, చేసినా ఎవరూ చేసేవారు కాదు.

మే నెలలో ఓడ నుంచి కబురొచ్చింది. ఈసారి మిగతా టీచర్లకు నేర్పడానికి రమ్మన్నారు. బడి నుంచి ఒక ఉత్తరం కావాలి. పనిలోకి తిరిగొచ్చానని సంతకం పెడితే ఉత్తరం ఆ రోజే ఇస్తానని పెద్ద టీచరమ్మ కాగితం పంపింది.

అది మూడు రోజులు బల్ల మీదే ఉంది. అక్క దాని పక్కనే అన్నం తినేది. చివరికి నేనే కదిపాను. “సంతకమే కదక్కా. పెట్టేసి ఓడెక్కిపో. ఇక్కడ ఏటుంది మనకి?”

“ఇన్సేన్లో ఉన్నోళ్లు బయటికొచ్చాక ఏటి చెప్పమంటావు మైకేలూ? గొట్టం తిరగేసి పట్టుకున్నానని చెప్పనా?”

కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న బల్ల కాలి కింద దూర్చింది. రాలేనని ఓడకు రాసింది.

జూలైలో జబ్బు ఊరంతా పాకింది, అక్కకూ అంటింది. ఆక్సిజన్ కోసం నేను వరసలో నిలబడి, ఖాళీ సిలిండరుతోనే ఇంటికొచ్చాను. అప్పటికే అక్కకు మాట లేదు. మర్నాడు పొద్దున్న పోయింది.

ఓడ కోసం ఒక్కసారైనా ఏడ్చావా అని అడగాలని రెండు నెలలూ అనుకున్నాను. అడగలేదు.

గొట్టంలో మట్టి ఎండి కుంచించుకుపోయింది. కదిపితే లోపల గలగలమంటుంది. ఊడ్చేటప్పుడు తీసి పక్కన పెడతాను. మళ్లీ నిలబెట్టేటప్పుడు రెండు చివరలా అక్షరాలు చదివి నిలబెడతాను. బల్ల ఇప్పుడు ఊగడం లేదు.