నిన్నెవరు తూస్తారు?

గల్ఫ్‌కొచ్చి అమ్వాజ్‌లో ఆ ఇంట పనికి చేరిన మూడో వారం, పక్క దుప్పట్లు మారుస్తుంటే పెద్ద మేడం దిండు గలీబులో ఏదో గట్టిగా తగిలింది. దులిపితే ఒంటి సాక్సు పడింది. నిండా తెల్లటి పొడి. దానితోపాటు గుడ్డలో చుట్టిన ఎండిన రొట్టె ముక్క, అరచేయంత తోలు పట్టీలు రెండు. పట్టీల మీద పాత రక్తం మరకలు.

మా కోనసీమలో పుట్టినవాళ్లు ఏమనుకుంటారో నేనూ అదే అనుకున్నాను. పొడి, రొట్టె, తోలు, రక్తం ఒకచోట చేర్చి తల కింద పెట్టుకునే మనిషి మంచి పని కోసం పెట్టుకోదు. చేత్తో ముట్టుకోలేదు. చీపురుతో చేటలోకి తోశాను. రొట్టెను బయట చెత్తడబ్బాలో పారేసి, మిగతావి ఒక సంచిలో కట్టి, ఆ గది గడపకు పసుపునీళ్లు చల్లాను.

అప్పటికే ఆమె మీద నాకు అనుమానం ఉంది. అరవై ఎనిమిదేళ్ల రష్యా మనిషి. వంటింటి కుళాయి విప్పకుండా ఎవరితోనూ ముఖ్యమైన మాట మాట్లాడదు. నీళ్లు ధారగా పోతుంటే ఆ చప్పుడులో గొంతు తగ్గించి చెబుతుంది. నేను గది ఊడుస్తున్నంతసేపూ తలుపు దగ్గర నిలబడి నా చేతులు చూస్తుంది. చిన్నతనంలో సోవియట్ దేశం తరఫున జిమ్నాస్టిక్స్‌లో బంగారు పతకం గెలిచిందని కూతురు చెప్పింది. ఆ కూతురే చిన్న మేడం, ఇక్కడ బ్యాంకులో ఉద్యోగం. తల్లికి తుంటి ఆపరేషన్ అయింది, ఆ తర్వాత రెండుసార్లు పడింది. ఆమెను కనిపెట్టుకుని ఉండటం, ఏం తిన్నది, ఎంతసేపు పడుకుంది, ఏం చేసింది అన్నీ వచ్చిన ఇంగ్లీషులో ఒక నోటుబుక్కులో రాసి సాయంత్రం చూపించడం నా డ్యూటీ. "ఒక్కటీ దాచకు" అంది చిన్న మేడం.

దాచే అలవాటు నాకు లేదు. పన్నెండేళ్ల వయసు నుంచి భజన గోష్ఠిలో పెరిగినదాన్ని. ఇక్కడికి వచ్చాక కూడా ప్రతి శుక్రవారం సనాబిస్‌లో ఒక గదిలో మా గోదావరి జిల్లాల ఆడవాళ్లం చేరి పారాయణ చేసుకుంటాం. అబద్ధమాడనని దేవుడి ఎదుట మాటిచ్చాను. కాబట్టి తెల్ల పొడి, రొట్టె, రక్తపు తోలు, అన్నీ రాశాను.

ఆ సాయంత్రం చిన్న మేడం 'తెల్ల పొడి' దగ్గర ఆగిపోయింది. సంచి తెప్పించి, వేలితో అద్ది వాసన చూసి, కుర్చీలో కూలబడింది.

"ఇది చేతులు జారకుండా రాసుకునే సుద్ద. ఆ పట్టీలు అమ్మ కడ్డీ మీద ఆడిన రోజులవి. ఇప్పుడు మళ్లీ ఎక్కడ వేలాడుతోంది?"

నేరుగా బాల్కనీలోకి పోయింది. ఎండ పరదా కోసం బిగించిన ఇనుప గొట్టం మీద తెల్లటి వేలిముద్రలు. మాది నాలుగో అంతస్తు. ఆ ముద్రల్ని రోజూ పావురాల రెట్టలనుకుని తుడుస్తున్నది నేనే.

బాల్కనీకి తాళం పడింది. తల్లీకూతుళ్లు రష్యన్‌లో చాలాసేపు అరుచుకున్నారు. తర్వాత చిన్న మేడం నాతో అంది, "ఇంకొక్కసారి ఇలా చేస్తే మా దేశంలో ముసలివాళ్ల హోముకు పంపేస్తాను. ఇక్కడ నేను లేనప్పుడు పడి చచ్చిపోతే చూడలేను."

మర్నాడు పెద్ద మేడం నాకెదురుగా కూర్చుని, వచ్చీరాని ఇంగ్లీషుకు అరబ్బీ ముక్కలు కలిపి అంది, "ప్రతి జట్టులో నీలాంటిది ఒకతె ఉండేది. మా జట్టులోదానికి కుట్టుపని బాగా వచ్చు. నీకేం వచ్చు?"

ఆ శుక్రవారం పారాయణ నడిపే పెద్దక్కకు ఇదంతా చెప్పుకున్నాను. నిజమే రాశానని ఆమె మెచ్చుకుంటుందనుకున్నాను.

"చూసింది రాసేవు, బానే ఉంది. అడిగేవా ఆవిణ్ని?" అంది.

"లేదక్కా."

"నోట్లో నాలిక లేదూ? తెలీనిదాన్ని తెలిసినట్టు రాత్తే అదీ అబద్ధం కిందే లెక్కమ్మాయ్. పసుపునీళ్లు కూడా జల్లేవంటగా, ఓ నిమ్మకాయ కూడా కొయ్యకపోయేవా!"

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నా మాట వల్ల ఒక ముసలి ప్రాణం ఇల్లు దాటిపోవచ్చు. ఆ భయం ఆ రోజే పట్టుకుంది.

తర్వాతి ఏకాదశికి నేను ఉపవాసం. మధ్యాహ్నం దాకా నన్నే గమనించి పెద్ద మేడం అడిగింది, "ఎందుకు తినలేదు?"

"ఈ రోజు ఉపవాసం, మేడం."

"నిన్నెవరు తూస్తారు?"

"ఎవరూ తూయరు."

"అబద్ధం. తూసేవాడు లేకుండా ఆడది పస్తు ఎందుకుంటుంది?"

దేవుడి కోసమని చెప్పాను. "ఆయన తూస్తాడా?" అంది. కాదన్నాను. నమ్మినట్టు లేదు. అప్పుడు పెద్దక్క మాట గుర్తొచ్చి నేనూ అడిగాను, "మీరు రొట్టె ఎందుకు దాచారు?"

ఆమె లేచి కుళాయి విప్పింది.

ఆరేళ్ల వయసులో ఒక శిక్షకుడు బడికి వచ్చి, పిల్లల భుజాలు, చేతులు తడిమి చూసి ఆమెను తీసుకుపోయాడట. పొద్దున, సాయంత్రం తూకం. కాస్త పెరిగినా రాత్రి తిండి బంద్. అందుకని రొట్టె ముక్కలు దిండు గలీబులో దాచుకునేవాళ్లు. ఇప్పుడు అలమర నిండా తిండి ఉన్నా, అక్కడ రొట్టె లేకపోతే ఆమెకు నిద్ర పట్టదట. కడ్డీ మీద అరచేతుల తోలు ఊడొచ్చేది. పదిహేనో ఏట కాలివేలు విరిగి ఉంటే సూది వేసి ఆడించారు. "నొప్పి తెలియలేదు. పతకం కూడా తెలియలేదు." పరదేశాలకు వెళ్లినప్పుడు, జట్టు బట్టలు కుట్టే ఒకామె ఎవరు ఎవరితో మాట్లాడారో నోటుబుక్కులో రాసేది. ఆమె రాసిన ఒక్క వాక్యం వల్ల వీళ్లందరిలోకీ బాగా ఆడే పిల్ల ఆటకు దూరమై ఇంటికే పరిమితమైపోయింది. తర్వాత ఆ దేశమే లేకుండా పోయింది. ఈమె ముప్పై ఏళ్లు శిక్షణ ఇచ్చింది.

"నేను కూడా తూచాను," అంది చివర. "చిన్న చిన్న పిల్లల్ని." కుళాయి కట్టేసింది.

విన్నాను కానీ పూర్తిగా కరగలేదు. ఇదంతా నా చేయి కట్టేయడానికి చెప్పిందేమో! ద్వాదశి పొద్దున నా పళ్లెంలో రొట్టె రెండు ముక్కలు పెట్టి, నేను మింగేదాకా ఎదురుగా కూర్చున్నప్పుడు కూడా ఆ అనుమానమే.

తర్వాత రోజూలాగే కింద తోటలో నడకకు తీసుకెళ్లాను. పిల్లలు ఆడుకునే ఇనుప కడ్డీల దగ్గర ఆగి, జేబులోంచి సుద్దముక్క తీసింది.

"వద్దు మేడం. మిమ్మల్ని పంపేస్తారు."

"నువ్వు పట్టుకోకపోయినా నేను ఎక్కుతాను. యల్లా, ఊఁ కానీ, నడుం పట్టుకో."

పట్టుకున్నాను. ఆమె చేతులు చాచి కడ్డీ అందుకుని, పాదాలు నేల వదిలింది. పాలు కాగడమైనా, గుడ్లు ఉడకడమైనా నేను లెక్కపెట్టేది గోవింద నామాలతోనే. ఇరవై నామాలు అయ్యాయి. టీకప్పు పట్టుకుంటే వణికే ఆ చేతులు ఒక్కసారి కూడా వణకలేదు. దించాక ఆమె ఊపిరి తీసుకుంటుంటే, నిజామాబాదు వైపు నుంచి వచ్చిన మా వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు.

"ఏందక్కా గిది! ముసలామె గబ్బిలం లెక్క యేలాడవట్టె! కిందవడితె నా నౌకరి పోతది. మీ మేడంకు ఫోన్ చేస్త."

"ఆగవయ్యా తమ్ముడూ. సాయంత్రం నేనే రాసి చూపిత్తాను కదా."

"నువ్వు రాస్తవా? మీదిక్కోళ్లు మాటలు మస్తు తియ్యగ చెప్తరు. రేపు అడుగుత చూడు మేడంను."

"అడుక్కో. నా మాట ఏకాదశి కంటే గట్టిది."

ఆ సాయంత్రం నోటుబుక్కులో పాత పేజీ తీసి మళ్లీ చదివాను. సుద్ద గురించి రాసిన రోజున నేను చూసింది సగమే. ఈసారి మొత్తం రాశాను: 'తోటలో కడ్డీ. ఇరవై లెక్క. నేను పట్టుకున్నాను. పడలేదు. వణకలేదు.'

చిన్న మేడం రెండుసార్లు చదివింది.

"నిజంగా పట్టుకున్నావా?"

"పట్టుకున్నానండీ."

"రేపు మళ్లీ అడుగుతుంది."

"అడుగుతారు."

ఆమె బాల్కనీ తాళం వైపు చూసింది. "అమ్మ నన్ను ఒక్కరోజు కూడా కడ్డీ ముట్టుకోనివ్వలేదు," అంది. "నువ్వు పక్కన ఉంటే సరే. నువ్వు లేకుండా ఎక్కిందో, అది కూడా రాయి. ఆ రోజే టికెట్ తీస్తాను."

ఆమె తన గదిలోకి పోగానే పెద్ద మేడం వచ్చి నోటుబుక్కు మీద వేలు పెట్టింది. ఇంగ్లీషు అక్షరాలు ఆమెకు రావు. "చదువు."

చదివి చెప్పాను. మొహం చిట్లించింది.

"ఇరవయ్యా? ముప్పై ఒకటి. నేను లెక్కపెట్టాను."

నేను సెకన్లతో కాదు, దేవుడి పేర్లతో లెక్కపెట్టానని, ఒక్కో పేరు కాస్త పొడవని చెప్పాను. నన్ను ఎగాదిగా చూసింది.

"ప్రతి జడ్జీ ఏదో ఒకటి చెబుతాడు," అంది.

ఇప్పటికీ రోజూ తోటకు వెళ్తాం. నా నడుం పట్టు సరిగ్గా ఉందా అని ఆమె, చెప్పకుండా ఎక్కడైనా వేలాడుతోందా అని నేను, ఒకరినొకరం కనిపెట్టుకునే ఉంటాం. ఆమె పైకి లెక్కపెడుతుంది, నేను నామాలు చెప్పుకుంటాను. సాయంత్రం నోటుబుక్కులో రెండు అంకెలూ రాస్తాను. ముందు ఆమెది, పక్కన నాది.