చెరువు జీవికి కాళ్లు గీయడం

నారాయణఖేడ్‌లో మా ఇంటి ముందు గదిలో కూర్చుని జాకెట్ల మీద మగ్గం పని చేస్తాను. నెమళ్లు, చిలకలు, ఏనుగులు ఎన్ని కుట్టానో లెక్కలేదు. అన్నీ పక్కకు తిరిగి నిలబడేవే. ఒకే కన్ను, ఒకే చెవి. జాకెట్ చేతి మీద ఏనుగుకు వెనక్కి తిరగాల్సిన పని ఎప్పుడూ పడలేదు.

హైదరాబాద్ నుంచి ఒక పెళ్లికి వచ్చినామె పెళ్లికూతురి జాకెట్ చూసి, కుట్టిందెవరని ఆరా తీస్తూ మా ఇంటికి వచ్చింది. పిల్లల బొమ్మల పుస్తకాలు అచ్చువేసే చోట ఆమె సంపాదకురాలు. నేను కుట్టే ముందు కాగితాల మీద గీసుకున్న బొమ్మలన్నీ తిరగేసి, "ఒక కథకు బొమ్మలు వేస్తారా?" అని అడిగింది. కథ చిన్నదే. దారి తప్పిన బర్రె ఒకటి చెరువు గట్టున పడుకుంటుంది. నీళ్లలోంచి ఒక వింత జీవి వచ్చి, దాన్ని లేపి, ఇంటిదాకా తోడు వెళ్తుంది. ఆ జీవి ఎలా ఉంటుందో మాత్రం కథలో ఒక్క ముక్క లేదు.

"అది మీ ఇష్టం" అంది. ఆ మాట కోసమే ఒప్పుకున్నాను.

ముందు పడుకున్న బర్రెను గీసి ఫోన్‌లో పంపాను. వెంటనే ఫోన్ చేసింది.

"చాలా బాగుంది. కానీ తర్వాతి పేజీలో ఇది లేవాలి కదండీ. ఎలా లేస్తుంది?"

చూసి చెప్తానని ఫోన్ పెట్టేశాను. చిన్నప్పటి నుంచి బర్రెల మధ్య తిరిగినదాన్ని. కళ్లు మూసుకుంటే పడుకున్న బర్రె కనిపిస్తోంది, నిలబడ్డ బర్రె కనిపిస్తోంది. మధ్యలో ఏం జరుగుతుందో మాత్రం కనిపించడం లేదు.

మర్నాడు మనూర్ బస్సెక్కాను. అక్కడ మా అక్క వాళ్లకు బర్రెలున్నాయి.

"ఏందే, బర్రెను సూడనీకి బస్సెక్కి వచ్చినవా? ఖేడ్‌ల బర్రెలే లేవా?" అంది అక్క.

"ఉన్నయక్కా. గాని మంది నన్ను సూసి నవ్వుతరు."

"మరి నేను నవ్వనా?"

నవ్వింది కూడా. కొట్టంలో కూర్చోవడానికి పీట మాత్రం వేసింది. పడుకున్న బర్రె నెమరేస్తూ నావైపు చూడటమే తప్ప కదల్లేదు. చివరికి అక్క కుడితి బకెట్ చప్పుడు చేసింది. బర్రె ముందు మోకాళ్ల మీద ఒరిగి, వెనక భాగాన్ని పైకెత్తింది. దండం పెడుతున్నట్టు క్షణం ఆగి, ఆ తర్వాతే ముందు కాళ్లు ఒక్కొక్కటిగా చాచి నిలబడింది.

వెనక కాలికి వెనక్కి పొడుచుకొచ్చే కీలును నేను ఇన్నాళ్లూ మోకాలనే అనుకున్నాను. ఫోన్‌లో నేను చూసే బొమ్మలు గీసే పాఠంలో అది మడమ అని చెప్పారు. నమ్మబుద్ధి కాక బర్రె కాలు తడిమి చూశాను. అసలు మోకాలు పైన, పొట్ట పక్కన దాక్కుని ఉంది. అంటే బర్రె ఎప్పుడూ మునివేళ్ల మీదే నడుస్తోంది! అదెలా ఉంటుందో తెలుసుకుందామని చేతులు నేలకానించి, మడమలెత్తి వాకిట్లో నడుస్తుండగా బావ పొలం నుంచి వచ్చాడు.

"ఏం పోయిందే? దేనికోసం దేవులాడుతున్నవ్?"

"ఏం పోలే బావా. బర్రె లెక్క నడుస్తున్న."

ఆయన నా పక్క నుంచి తప్పుకుని లోపలికి వెళ్లిపోయాడు.

బర్రె కుదిరింది గానీ, చెరువు జీవి దగ్గర చిక్కుకుపోయాను. సింహం జూలు, చేప తోక, గద్ద రెక్కలు, జింక కొమ్ములు అన్నీ పెట్టాను. ఎన్ని పెడితే అంత వింతగా ఉంటుందనుకున్నాను. అక్క ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మంచిగనే ఉంది గాని, గా రెక్కలు నీళ్లల్ల తడువయా?"

"తడుస్తయేమో."

"ఏం తింటది?"

"తెల్వదక్కా."

"అయితే గిది ఇంకా పుట్టలేదే."

ఆ సాయంత్రం ఇద్దరం చెరువు దాకా వెళ్లాం. వాన పడి వెలిసింది. నీళ్లలో మునిగిన కప్పకు కళ్లు మాత్రమే పైకి తేలుతున్నాయి. కాస్త అవతల ఈదుతున్న బర్రెకు కళ్లు, ముక్కు, కొమ్ములు. నీళ్లలో బతికేదానికి చూపూ ఊపిరీ పైకే ఉండాలన్నమాట. కాగితం మీద రెక్కలు చెరిపేశాను. కళ్లు నెత్తి మీదికి జరిపాను. నాచు తింటుందనుకున్నాక నోరు దానంతటదే వెడల్పయింది. బరువైన ఒళ్లు కాబట్టి కాళ్లు తొండకు ఉన్నట్టు పక్కలకు చాచి పెట్టాను. లేచేటప్పుడు ముందు గొంతు ఉబ్బించి, తోకను నేలకు తన్నిపెట్టి, ఆ తర్వాత ఒళ్లెత్తుతుంది. అలా ఏ జంతువూ లేవదు. అయినా అది లేస్తుందని నాకు నమ్మకం కుదిరింది.

బొమ్మ చూసి సంపాదకురాలు, "దీనికి పళ్లున్నాయా?" అని అడిగింది.

"లేవండీ. నాచుకు పళ్లెందుకు?" అన్నాను, ఎప్పటినుంచో ఎరిగిన దాని గురించి చెప్పినట్టు.

పుస్తకం అచ్చయ్యాక మనూర్‌లోని బడిలో చదివి వినిపించాను. అయిపోగానే ఒక పాప లేచి నిలబడింది.

"బర్రెను ఇంట్ల ఇడిసినంక అది ఒక్కతే చెరువుకు ఎట్ల పోయింది? దానికి భయం కాదా?"

కథ బర్రె ఇంటి దగ్గరే ఆగిపోతుంది. ఆ తర్వాతి సంగతి నేనసలు ఆలోచించలేదు. పిల్లలు అప్పుడే వాదులాట మొదలుపెట్టారు. వాన పడేదాకా బోరు కాడ ఉంటదని ఒకరు, బర్రెనే మళ్లీ తోడు పోతదని ఇంకొకరు. నేను సుద్దముక్క తీసుకుని బోర్డు మీద మట్టిబాట ఒకటి గీశాను. దాని మీద చెరువు వైపు తిరిగిన ఆ జీవి వీపు గీయడం మొదలుపెట్టాను. వెనక నుంచి అదెలా ఉంటుందో నేను చూడటం అదే మొదటిసారి.