గంజి వరుసలో పడిపోయిన పిల్ల

మధురవాడలో మేముండే అపార్ట్‌మెంటు గోడలకు వానాకాలం చెమ్మ దిగుతుంది. బీరువా తెరవగానే పాత పుస్తకాల ముక్కవాసన. ఆ వాసనకు నాకు కరీం మాస్టారు గుర్తొస్తారు. తగరపువలసలో డిగ్రీ చదివేటప్పుడు ఆయన మాకు తెలుగు చెప్పేవారు. విశాఖ పాతనగరంలో బట్టల కొట్టు నడిపే ఇంట్లో పుట్టినా, పల్లెటూరి కథలంటే ప్రాణం పెట్టే మనిషి.

ఆ ఏడు మాకు ఉపవాచకం ఒక పల్లెటూరి నవల. అందులో వెన్నెల్లో కళ్ళం, ధాన్యపు రాశులు, నూర్పిళ్ళ పాటలు. నేను పద్మనాభం అనే ఊరి రైతుబిడ్డను. అది మా ఊరి కథే అనుకుని మురిసిపోయాను. ఒకరోజు మాస్టారు పాత ఫోటో ఒకటి పెద్దది చేయించి తెచ్చారు. నెర్రెలిచ్చిన పొలం పక్కన ముంతలు పట్టుకుని గంజి కోసం వరుసలో నిలబడ్డ ఆడవాళ్ళు, ఎముకలు తేలిన పిల్లలు. నవల జరిగిన కాలమే, మన ప్రాంతమే అన్నారు.

“అయితే నవల అబద్ధమా మాస్టారూ?” అని అడిగాను.

“అబద్ధం కాదమ్మా. రాసినాయన తన అరుగు మీంచి చూశాడు. ఫోటో తీసినాయన దూరంగా నిలబడి చూశాడు. ఆ వరుసలో ఉన్నవాళ్ళ మాటే మనకు దొరకలేదు.”

ఫోటో అడిగి తీసుకెళ్ళి నానమ్మకు చూపించాను. ఆమె చాలాసేపు చూసి, చేతిలోని చేట పక్కన పెట్టింది.

“మాయమ్మ సెప్పేది. ఇలాటి వరసలోనే మాయప్ప పడిపోనాది. మరి లెగలేదు. పిల్లనక్కడే ఒగ్గీసి, మాయమ్మ గంజట్టుకుని ఇంటికొచ్చీసింది. ఇంటికాడ నానున్నాను మరి.”

అక్క ఒకామె ఉండేదని నానమ్మ అంతకుముందు ఎన్నడూ అనలేదు.

సంగతి విని మాస్టారు ఆ ఆదివారమే బస్సెక్కి వచ్చారు. నానమ్మ ఎదుట చాప మీద కూర్చుని అంతా మళ్ళీ విన్నారు. ఆ పుస్తకంలో ఏముందో చదవమని ఆమె అడిగితే కళ్ళం ఘట్టం చదివారు. ఆమె శ్రద్ధగా విని, “బాగుంది బాబూ. ఇది ఎవుల ఊరు?” అంది. మాస్టారు పుస్తకం మూసేశారు. తిరిగి బస్సెక్కబోతూ, “ఆమె మాట ఆమె అన్నట్టే చెప్పాలమ్మా. నువ్వు దిద్దకు,” అన్నారు.

ఆ వేసవిలో నానమ్మ పోయింది.

నిరుడు మాస్టారికి గొంతు క్యాన్సరు. నేను చూడ్డానికి వెళ్ళేసరికే మాట పోయింది. ఏదైనా చదవమంటారా అంటే తల అడ్డంగా ఊపి, ముంత పట్టుకున్నట్టు చేతులు పెట్టి చూపించారు. నానమ్మ చెప్పిందంతా ఆమె యాసలోనే చెప్పాను. ఉద్యోగంలో చేరాక ఆ యాస మానేసిన నోరు తడబడింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. ఆ వారంలోనే పోయారు.

ఇప్పుడు నేనూ కాలేజీలో తెలుగు చెబుతున్నాను. పల్లెటూరి కథ పాఠంగా వచ్చినప్పుడల్లా నానమ్మ మాటలు ఉన్నవున్నట్టు చెబుతాను. యాసకు కొందరు నవ్వుతారు. నవ్వు సద్దుమణిగేదాకా ఆగుతాను. చివర్లో ఎవరో ఒకరు ఆ పిల్ల పేరేమిటని అడుగుతారు. నానమ్మకు తెలియదు. ఆ పేరు వాళ్ళమ్మ మళ్ళీ ఎప్పుడూ పలకలేదట.