ఎగరేసే తుపాకీకి కొత్త గొట్టం

మొన్న ఒమన్‌లోని అల్ ఖౌద్‌లో పెళ్లి ఊరేగింపు అడ్డొచ్చి కారు ఆపాను. మగవాళ్లు పాత తుపాకుల్ని గిరగిరా తిప్పుతూ మేడ ఎత్తుకి, కాదు, విమానాలు దారి మార్చుకోవాల్సినంత ఎత్తుకి ఎగరేసి పట్టుకుంటున్నారు. వెనక కార్లు హారన్లు కొడుతున్నా నేను కదల్లేదు. ఇబ్రిలో నేను డ్రైవర్‌గా పనిచేసిన ఇంటి యజమాని, ముసలి అర్బాబ్, కళ్లముందు నిలబడ్డాడు.

ఆయన తుపాకీ తండ్రి నాటిది. గొట్టం మూతి దగ్గర పగిలింది. మనవడి పెళ్లిలో దాన్ని ఎగరేయకపోతే ఆ పెళ్లికి తన తండ్రి రానట్టేనని ఆయన పట్టుబట్టాడు. నీ చేతులు వణుకుతున్నాయి, దాన్ని గోడకే ఉండనివ్వమని కొడుకులన్నారు. దాంతో వాళ్లతో మాట్లాడ్డం మానేసి, నన్ను వెంటేసుకుని కొత్త గొట్టం వెతకడానికి బయల్దేరాడు. ఒమన్‌లో మేం తొక్కని తుపాకీ కొట్టు గడప మిగల్లేదు. ప్రతి గొట్టాన్నీ వాసన చూసేవాడు, గోటితో మీటి చెవి ఆనించేవాడు, పెదవి విరిచి లేచేవాడు. ఇంట్లో వంటచేసే మా కడప భాయ్‌కి ఇదంతా వేడుక. “ఏమన్నా, తుపాకికి పెండ్లిచూపులు ఇంగా అయిపోల్యా?” అని రోజూ తగులుకునేవాడు.

చివరికి నిజ్వా బజారు సందులో ఒక ముసలి పనివాడు రెండు గొట్టాలు ముందుపెట్టాడు. ఒకటి కొత్తది, మహా బరువు. రెండోది ఏదో పాత తుపాకీది, తేలిక, లోపలంతా అరిగిపోయింది.

“కాల్చడానికా, ఎగరేయడానికా?” అని అడిగాడు.

అర్బాబ్ రెంటికీ అన్నాడు. పనివాడు ఒప్పుకోలేదు. కొత్తది సూటిగా కాలుస్తుంది గానీ ఆ బరువుకి మీ చెయ్యి ఆగదన్నాడు. పాతది చేతికి నిలుస్తుంది గానీ అందులో ఇక తూటా పెట్టకూడదన్నాడు.

అర్బాబ్ రెండు గొట్టాల్నీ మార్చి మార్చి చేత్తో తూచాడు. ఆయన వేట కథలు కారులో నాకు కంఠతా వచ్చేశాయి; చెప్పినప్పుడల్లా కొండమేక ఓ జానెడు పెరిగేది.

“చాన్నాళ్లుగా నాకు గురి కనిపించడం లేదు,” అన్నాడు, తుపాకీకేసి చూస్తూ. “తేలికదే బిగించు.”

నేను వీధివైపు తిరిగి నిలబడ్డాను.

పెళ్లిలో ఎగరేశాడు. నేనెంత సాగదీసి చెప్పినా ఆ తుపాకీ ఆయన తలపాగా ఎత్తు దాటలేదు. దిగివచ్చినదాన్ని రెండు చేతులా అందుకుని గుండెకి హత్తుకున్నాడు. పెద్దకొడుకు వచ్చి తండ్రి నుదుటిని ముద్దుపెట్టుకున్నాడు.

కాలం అందరి చేతుల్లోంచీ అన్నీ తీసుకుపోయేదే; ఆయన్ని మాత్రం, ఏది ముందు ఇస్తావని అడిగింది.