తప్పంతా డాక్టరుగారిదే

లోకంలో ఏ మూల ఏ తప్పు జరిగినా అది తనదేనని ఒప్పేసుకోవడం ఒక జబ్బయితే, ఆ జబ్బు ఈ డాక్టరుగారికి బాగా ముదిరిపోయింది. ఎమర్జెన్సీ వార్డుకి ఆయనే పెద్ద. తలుపు పక్కన బోర్డు మీద ఆయన పేరూ, పేరు వెనకాల పొడుగాటి డిగ్రీలూ ఉన్నాయి. అయినా ఆసుపత్రిలో ఎవరినడిగినా తప్పుల డాక్టరుగారనే చెబుతారు. అలాగని వైద్యంలో తప్పులు చేస్తారనుకునేరు. ఆయన హస్తవాసి మంచిదని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు బోలెడుమంది. చెయ్యని తప్పులు నెత్తినేసుకుంటారు గనక ఆ పేరొచ్చింది.

వైద్యంలో కొత్త సంగతులు చెప్పే సభ ఎక్కడ జరిగినా డాక్టరుగారు అక్కడ వాలిపోవాల్సిందే. మిగతా డాక్టర్లు వెళితే భోజనం చేసి, అక్కడిచ్చే సంచీ పుచ్చుకుని, ఊరు చూసి వస్తారు. ఈయన ముందు వరసలో కూర్చుని చెవులు రిక్కించి వింటారు. తిరిగొచ్చాక ఇంటికి కూడా వెళ్ళరు. భుజాన సంచీతో తిన్నగా వార్డులోకొచ్చి, లాటరీ తగిలినవాడిలా మొహం వెలిగిపోతుండగా, "అందరూ ఓసారి ఇలా రండి. నాది ఇంకో తప్పు దొరికింది" అంటారు.

అంతే, వార్డు వెనకున్న గదిలో క్లాసు మొదలు. అక్కడ బల్ల మీద ఒక రబ్బరు బొమ్మ ఉంటుంది. గుండె ఆగినవాడి ఛాతీ ఎలా నొక్కాలో దాని మీదే నేర్పుతారు. ఒకసారి డాక్టరుగారు ఆ బొమ్మ పక్కన నిలబడి, "గాయమై రక్తం పోతున్నవాడికి సెలైన్ సీసా మీద సీసా ఎక్కించమన్నాను చూశారూ, తప్పు. రక్తం పోతే రక్తమే ఇవ్వాలి. సెలైన్ మరీ పోసేస్తే ఉన్న రక్తం కూడా పలచబడిపోతుంది" అన్నారు.

కొత్తగా చేరిన కుర్ర డాక్టరు ఉండబట్టలేకపోయాడు. "సార్, అది మీరు చెప్పింది కాదండీ. మా పాత పుస్తకాల్లోనే ఉంది."

"ఆ పుస్తకాల్ని నమ్మిందెవరు?"

"అందరూ నమ్మారండీ."

"అందరిలో నేను లేనూ? కాబట్టి నాదే."

"పూర్వం జ్వరమొస్తే జలగలు పట్టించేవారటండీ. అది కూడా మీరేనా?"

గదిలో అందరూ కిసుక్కున నవ్వారు. డాక్టరుగారు మాత్రం గడ్డం గోక్కుంటూ కాసేపు నిజంగానే ఆలోచించారు. "అప్పట్లో ఉండుంటే అందరికన్నా ముందు నేనే పట్టించేవాణ్ణి. అది కూడా నా ఖాతాలో వేసెయ్."

వైద్యంతో ఆగితే బాగానే ఉండును. లిఫ్టు మధ్యలో ఆగిపోతే, లోపలున్నవాళ్ళకి క్షమాపణ చెప్పుకునేది ఈయనే. క్యాంటీనువాడు టీలో పంచదార బదులు ఉప్పేస్తే, "నేనే సరిగ్గా చెప్పి ఉండను" అని తాగేశారు. ఇక ఇంట్లో ఆయన భార్య అవస్థ పగవాళ్ళకి కూడా వద్దు. ఆవిడ ఒకసారి వార్డుకొచ్చినప్పుడు పెద్ద సిస్టరు దగ్గర గోడు వెళ్ళబోసుకుంది.

"పెళ్ళయిన కొత్తలో మురిసిపోయానమ్మా, తప్పు ఒప్పుకునే మొగుడు దొరికాడని. తీరా చూస్తే కరువుదీరా ఒక్క దెబ్బలాటకి నోచుకోలేదు. నేను గొంతు సవరించుకునేలోపు 'నాదే తప్పు' అని కంచం ముందు కూర్చుంటారు. దేనికి ఒప్పుకున్నారో ఆయనకే తెలీదు."

పెద్ద సిస్టరు నవ్వింది గానీ, లోలోపల ఆవిడకి డాక్టరుగారి వరస అస్సలు గిట్టేది కాదు. ఆవిడ లెక్కే వేరు. అసలు తప్పంటూ చేస్తే కదా ఒప్పుకోవడానికి. ఆ వార్డులో నర్సులందరికీ పని నేర్పింది ఆవిడే. పక్క దుప్పటి ముడతపడినా, సూది పళ్ళెం వంకరగా ఉన్నా ఆవిడ కంటికి ఆనేది. అన్నిటికన్నా ఆవిడకి పేరు తెచ్చింది ఆక్సిజన్ మాస్కు. గుండెనొప్పి అంటూ ఎవరైనా గుమ్మం దాటితే చాలు, స్ట్రెచరు చక్రాలు ఆగేలోపు మాస్కు మొహానికి తగిలించేసేది. ఇంట్లో తను గట్టిగా నిట్టూర్చడానికి కూడా భయపడతానని ఆవిడ భర్త అందరికీ చెప్పుకునేవాడు.

అలాంటి మాస్కు మీదే ఒకరోజు పిడుగు పడింది. ఆ రోజు డాక్టరుగారు సభ నుంచి వచ్చారు గానీ, మొహంలో ఎప్పుడూ ఉండే వెలుగు లేదు. సంచీ దింపి, మంచినీళ్ళు తాగి, బొమ్మ చొక్కా గుండీలు సర్ది, అందరి వంకా చూసి, చివరికి నోరు విప్పారు.

"గుండెనొప్పి వచ్చిన ప్రతివాడికీ మాస్కు పెట్టమని నేర్పాను కదా. అక్కర్లేదు. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూడ్డానికి వేలికి పెట్టే క్లిప్పులో అంకె బాగుంటే ఆక్సిజన్ ఇచ్చి ఒరగబెట్టేది లేదు. ఊరికే ఎక్కించేస్తే ఒక్కోసారి చెరుపు కూడా చేస్తుందేమోనంటున్నారు. అంకె చూసి, అవసరమైనవాడికే పెట్టండి. తప్పంతా నాదే."

గదిలో అందరి కళ్ళూ పెద్ద సిస్టరు మీదికి తిరిగాయి. ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. క్లాసవగానే నడవలో డాక్టరుగారిని నిలేసింది.

"సార్, మీరీ ఆసుపత్రికి రాకముందు నుంచీ నేను మాస్కులు పెడుతున్నాను. ఈ పిల్లలకి నేర్పింది కూడా నేనే. మధ్యలో మీ తప్పేంటి?"

"వచ్చాకైనా ఆపాలి కదమ్మా నేను. ఆపలేదు. మరి నాది కాదూ?"

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. ఇంటికెళ్ళి చెప్పులు విప్పకుండానే కుర్చీలో కూలబడింది. భర్త టీ తెచ్చి చేతికిస్తే తాగలేదు. "ఎంతమంది మొహాలకి తగిలించానండీ. మంచి చేస్తున్నాననే అనుకున్నాను. వాళ్ళలో ఎవరికైనా చెరుపు చేశానేమో" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అప్పటికి అందరికీ తెలిసిందదే కదా అని ఆయన ఎంత చెప్పినా ఆవిడ చెవికెక్కలేదు. మర్నాడు సూపరింటెండెంటు గదికెళ్ళి, తనని కంటి విభాగానికి మార్చమని అడిగేసింది. అక్కడైతే చుక్కల మందు వేసి కూర్చోబెట్టడమే గదా, ఎవరి ప్రాణమూ తన చేతిలో ఉండదని ఆవిడ ఆలోచన. నెల మీటింగయ్యాక చూద్దామన్నారు సూపరింటెండెంటు.

ఈలోపే ఒక పొద్దున, గోడలకి రంగులేసే మేస్త్రీ ఒకతన్ని తోటివాళ్ళు ఆటోలో తెచ్చి దింపారు. కూర్చోలేడు, పడుకోలేడు. కొలిమితిత్తిలా ఎగబీలుస్తూ, ఛాతీ పట్టుకుని, "పట్టేసిందమ్మా" అన్నాడు. పెద్ద సిస్టరు చెయ్యి అలవాటుగా మాస్కు మీదికి వెళ్ళింది. వెళ్ళిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఛాతీ పట్టుకున్నాడు. ముందు అంకె చూడాలి కదా. వేలికి క్లిప్పు పెట్టింది. అంకె రాలేదు. ఇంకో వేలికి మార్చింది. అదీ అంతే. మేస్త్రీ గోళ్ళన్నీ నీలిరంగు పెయింటుతో మూసుకుపోయి ఉన్నాయి. వాటిలోంచి క్లిప్పుకేం కనబడుతుంది? ఆవిడ గుడ్డ తడిపి గోరు తుడవడం మొదలుపెట్టింది. మనిషి పెదాలు కూడా గోళ్ళ రంగుకే తిరుగుతున్నాయి. ఆవిడ తుడుస్తూనే ఉంది. వార్డు మొత్తానికి మాస్కు నేర్పిన మనిషి, మాస్కు పక్కనే ఉంచుకుని గోరు రుద్దుతోంది.

డాక్టరుగారు ఎటునుంచొచ్చారో, మాస్కు తీసి మేస్త్రీ మొహానికి తగిలించి, ఆవిడ వంక చూడకుండానే, "ఇతనిది ఉబ్బసంలా ఉందమ్మా. ముందు గాలి అందనిద్దాం, అంకె నిదానంగా వస్తుంది. పీల్చే మందు పెట్టండి" అన్నారు. క్లిప్పు తీసి చెవి తమ్మెకి పెట్టారు. అంకె వచ్చింది. చూస్తే గుండె గుభేల్మనేలా ఉంది. మందు పనిచేసి, ఆ అంకె మెల్లగా పైకి పాకి, మేస్త్రీ గుటక మింగి, "నా బ్రష్షులేవీ?" అని అడిగేదాకా పెద్ద సిస్టరు ఊపిరి కూడా సరిగ్గా తీసుకోలేదు.

నెల మీటింగులో సూపరింటెండెంటు ఆ సంగతే ఎత్తారు. "మేస్త్రీకి మాస్కు పెట్టడం ఆలస్యమైందట. అదృష్టం బాగుండి గట్టెక్కాడు. ఆ ఆలస్యం ఎవరివల్ల?"

అడగడం పూర్తవకముందే డాక్టరుగారు లేచి నిలబడ్డారు. "నావల్లే. క్లాసులో మాస్కు ఎవరికి అక్కర్లేదో గట్టిగా చెప్పాను. ఎవరికి తప్పనిసరో నొక్కి చెప్పలేదు. క్లిప్పుని రంగు మోసం చేస్తుందనీ చెప్పలేదు. సిస్టరు నా మాట విని ఆగింది. తప్పు నాది."

పెద్ద సిస్టరు తల వంచుకుని వింటోంది. ఒక్కసారిగా ఆవిడకి, సెలైన్ క్లాసు రోజున వెనక బెంచీలో ఏడుపు మొహంతో కూర్చున్న కుర్ర నర్సు గుర్తొచ్చింది. అంతకు ముందు వారమే ఆ పిల్ల ఒక మనిషికి సీసా మీద సీసా ఎక్కించింది. జలగల మాటకి అందరూ నవ్వినప్పుడు ఆ పిల్ల కూడా నవ్వింది. ఈయన తప్పు నాదంటే నాదని ఎగబడేది పిచ్చితో కాదు. ఎవరో ఒకరు ముందే నెత్తినేసుకుంటే, పక్కవాళ్ళు బరువు లేకుండా కొత్తది నేర్చుకుంటారని. తన మాస్కు రోజున ఈయన నీళ్ళు తాగుతూ, గుండీలు సర్దుతూ తాత్సారం చేసింది కూడా తన మొహం చూడలేకే.  అది అర్థమైన వెంటనే, తన తప్పు కూడా ఎత్తుకుపోతున్నారని ఆవిడకి కోపమూ వచ్చింది.

"కాదు సార్. ఆ తప్పు నాది" అంటూ లేచింది.

డాక్టరుగారు తెల్లబోయారు. "అదేంటమ్మా, నేను చెప్పేశాను కదా."

"చెబితే మీదైపోతుందా? మీరు అంకె చూడమన్నారు గానీ, మనిషిని చూడొద్దనలేదు. పెదాలు నీలంగా మారడం నా కళ్ళతో చూశాను. మళ్ళీ తప్పు చేస్తానేమోనని భయపడి ఆగాను. భయం నాది, చెయ్యి నాది, తప్పూ నాదే. మీకివ్వను."

"చూడండి సార్, దౌర్జన్యం" అన్నారు డాక్టరుగారు సూపరింటెండెంటుతో, చంటిపిల్లాడి చేతిలో బొమ్మ లాక్కున్నట్టు మొహం పెట్టి. "కనీసం సగమైనా ఇమ్మనండి."

"క్లిప్పు సంగతి చెప్పకపోవడం వరకూ మీది. ఉంచుకోండి" అంది పెద్ద సిస్టరు. మీటింగంతా గొల్లుమంది. కుర్ర నర్సయితే నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది.

సూపరింటెండెంటు తల పట్టుకున్నారు. తప్పు నాది కాదంటే నాది కాదని తోసుకునేవాళ్ళ మధ్య తీర్పు చెప్పడమే ఆయనకి తెలుసు గానీ, ఇలాంటి తగువు ఎన్నడూ చూసి ఎరగరు. చివరికి, "ఈ రంగు గోళ్ళ సంగతి అందరికీ తెలియాలి. వచ్చే క్లాసు ఎవరో ఒకరు చెప్పండి" అన్నారు.

"నేను చెబుతాను సార్" అంది పెద్ద సిస్టరు.

"మీరెలా చెబుతారమ్మా? కంటి విభాగానికి మార్చమన్నారు కదా."

"మార్చొద్దు సార్. నా తప్పు ఈ వార్డులో ఉంది, దాన్నొదిలేసి నేనెక్కడికీ వెళ్ళను. నేనిటు తిరిగితే చాలు, ఈయన దాన్ని కూడా సంచీలో వేసుకుని పట్టుకుపోతారు."